మైనంలో మిగిలిన అక్క

ఢిల్లీ వెళ్లొచ్చానని తెలిశాక షాపుకొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు, ఎర్రకోట చూశావా, అటునుంచి ఆగ్రా వెళ్లావా అని. ఏదీ చూడలేదు. ఉన్న ఐదు రోజుల్లో నేను చూసినవి కొన్ని సందులు, ఎండలో కూర్చుని బఠాణీలు ఒలిచే ఆడవాళ్లు, ఒక దర్జీ, ఒక ప్రయోగశాల. చెబితే కొందరు నమ్మలేదు. కొందరు జాలిపడ్డారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఎందుకు వెళ్లాను

మాది తెనాలి. మార్కెట్ వెనక సందులో ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసేది. పెళ్లి చేసుకోలేదు. నా పెళ్లయ్యాక కూడా మాతోనే ఉంది. నిజానికి నేనూ మా ఆయనా తనతో ఉన్నామనాలి, ఆ వాటా తన పేరు మీదే ఉండేది.

తనకి రొమ్ములో గడ్డ వస్తే హైదరాబాదులో ఆపరేషను చేయించాం. మూడేళ్లు బాగానే తిరిగింది. తర్వాత అది వెన్నెముకలో తేలింది. అక్క పోయి ఇప్పటికి రెండేళ్లు.

ఆపరేషనప్పుడు ఆ ఆసుపత్రికి ఢిల్లీ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చారు. పేరు సుభాషిణి, అనంతపురం ఆవిడ. రొమ్ము క్యాన్సర్ ఎలా మొదలవుతుంది, అక్కణ్నుంచి ఎముకల్లోకీ కాలేయంలోకీ ఎలా పాకుతుంది అన్నది ఆవిడ పరిశోధన. తీసేసిన గడ్డలోంచి ఒక ముక్క ఇస్తారా అని అడిగితే అక్క సంతకం పెట్టింది. కాఫీ తెమ్మని నన్ను బయటికి పంపి, ఆవిడతో గంటసేపు ఏదో మాట్లాడింది కూడా.

నా ప్రశ్న ఇది. ఆపరేషనుకి ఆరు నెలల ముందు, వైశాఖంలో, మా చిన్నాన్న కూతురి పెళ్లికని అక్కకి జాకెట్టు కుట్టాను. కొలతలు తీస్తుంటే ఎడమవైపు గుడ్డ పైకి లాగినట్టుగా ఉంది. ఒళ్లు ఒకవైపు గుంట పడినట్టు నా వేళ్లకి తెలిసింది. ఏళ్ల తరబడి చేస్తున్న పని, తెలియకుండా ఎలా ఉంటుంది! నేను ఏమీ అడగలేదు. ఎడమ డార్టు, అదే ఛాతీ దగ్గర వేసే మడత కుట్టు, పావంగుళం సర్ది కుట్టేశాను. జాకెట్టు చక్కగా కుదిరింది. ఆ రోజు నోరు తెరిచి అడిగి ఉంటే, ఆ రోజే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి ఉంటే, అక్క ఉండేదా?

మా ఊళ్లో డాక్టర్లు ఇప్పుడవన్నీ ఎందుకమ్మా అన్నారు. చివరికి సుభాషిణిగారికి ఉత్తరం రాశాను. జవాబు తెలుగులోనే వచ్చింది. "ఇది ఉత్తరంలో చెప్పేది కాదు. వీలైతే రండి" అని.

రైల్లో

జనవరి. సున్నుండల డబ్బా, రెండు చీరలు, మా ఆయన పాత శాలువా పెట్టుకుని బయలుదేరాను. బల్లార్షా దాటేదాకా పెట్టెలో తెలుగు వినపడుతూనే ఉంది. తర్వాత ఒక్కో స్టేషన్లో ఒక్కొక్కరే దిగిపోయి, నేనొక్కదాన్నే మిగిలాను. ఎదురు బెర్తులో ఒక పంజాబీ పెద్దావిడ. సూర్యలంకలో ఉద్యోగం చేస్తున్న అల్లుడి దగ్గర నెలరోజులుండి తిరిగి వెళుతోంది.

నాకొచ్చిన హిందీ టీవీలో విన్నదే. ఆవిడకి తెలుగులో వచ్చిన ఒకే ఒక్క మాట "చాలు". అల్లుడింట్లో అన్నం వడ్డించేటప్పుడు నేర్చుకుందట. మెంతికూర వేసిన పరాఠాలు, మామిడికాయ పచ్చడి నాకు పెట్టింది. ఆ పచ్చడిలో సోంపు ఉంది, కారమే లేదు. నేనిచ్చిన కందిపొడి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ల నీళ్లు తుడుచుకుంటూ "చాలు, చాలు" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

పొద్దున లేచేసరికి కిటికీ అవతల ఏమీ లేదు. పొలం లేదు, ఆకాశం లేదు, తెల్లగా పొగమంచు. రైలు ఎక్కడ ఆగిందో కూడా తెలియకుండా ఐదు గంటలు ఆగింది. పెద్దావిడ నా శాలువా రెండు వేళ్లతో పట్టుకుని చూసి పెదవి విరిచింది.

"స్వెటర్ నహీ లాయీ బేటీ?"

లేదన్నాను.

"ఘర్ మే కిసీ నే బతాయా నహీ?"

ఇంట్లో ఎవరూ చెప్పలేదా అని. ఊరెళ్లేటప్పుడు ఏం పెట్టుకోవాలో నాకెప్పుడూ అక్కే చెప్పేది. ఆ మాట హిందీలో ఎలా చెప్పాలో తెలియలేదు. తల అడ్డంగా ఊపాను.

ఆర్.కె. పురంలో ఎండ

నేను దిగింది ఆర్.కె. పురంలో, లలిత వాళ్ల గవర్నమెంటు క్వార్టర్స్‌లో. లలిత పెళ్లి జాకెట్లు పన్నెండూ నేనే కుట్టాను. వాళ్లాయన ఏదో మంత్రిత్వశాఖలో ఆఫీసరు. తెనాలిలో నన్ను పిన్నీ అనేది. ఇక్కడ తలుపు తీస్తూనే "రండి ఆంటీ" అంది, అనేసి నాలిక కరుచుకుంది.

"సారీ పిన్నీ. ఇక్కడ అందరూ ఆంటీలే. నా కూతురు నన్ను ఆంటీ అననందుకు సంతోషించాలి."

వాళ్లమ్మాయి ఎనిమిదేళ్లది. నేనడిగినవన్నీ దానికి అర్థమయ్యాయి. జవాబులన్నీ హిందీలో వచ్చాయి.

మనం జనవరిలో కూడా నీడ వెతుక్కుంటాం. వీళ్లు ఎండ వెతుక్కుంటారు. పదకొండు కొట్టేసరికి బ్లాకులో ఆడవాళ్లంతా చాపలు, నులక మంచాలు తెచ్చుకుని గడ్డి మీద చేరతారు. ఒకరు బఠాణీలు ఒలుస్తారు, ఒకరు కారెట్లు తురుముతారు, ఒకరు స్వెటరు అల్లుతారు. ఎండ జరిగితే మంచాలూ జరుగుతాయి. బఠాణీలు కిలో పది రూపాయలట. మా ఊళ్లో పలావుకి గుప్పెడు వేస్తే గొప్ప, వీళ్లు గిన్నెలకొద్దీ కూర వండుకుంటున్నారు. నాకూ ఒక గిన్నె ఒళ్లో పెట్టారు. భాష రాకపోయినా బఠాణీలు ఒలవచ్చు.

రెండో రోజు సాయంత్రం లలిత నన్ను సరోజినీ నగర్ తీసుకెళ్లి స్వెటరు కొనిపించింది. నూటయాభై. నేను దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూస్తుంటే దుకాణదారు నవ్వి, "టైలర్ హో క్యా దీదీ?" అన్నాడు. చంక దగ్గర కుట్టు ఊడి ఉంది, చూపించాను. ఇరవై తగ్గించాడు.

తిరిగొస్తూ ఎస్టీడీ బూతులో ఆగి ఇంటికి ఫోన్ చేశాను. అవతల మోగుతుంటే, మూడో మోతకి ఎత్తి "చెప్పు కుమారీ" అనే గొంతు కోసం చెవి కాచుకుని ఉంది. అక్క ఎక్స్ఛేంజిలో పనిచేసినందువల్లేమో, ఇంట్లో ఫోన్ ఎప్పుడూ తనే ఎత్తేది, నేనే చేశానని తనకి ఎలాగో తెలిసిపోయేది. ఏడో మోతకి మా ఆయన ఎత్తి "హలో ఎవరూ" అన్నాడు. ఇక్కడ చలి ఎక్కువగా ఉందని చెప్పి పెట్టేశాను.

కటవారియా సరాయ్‌లో దారి తప్పి

మర్నాడు ప్రయోగశాలకి వెళ్లడానికి లలిత నన్ను బ్లూలైన్ బస్సెక్కించి, కండక్టరుకి ఎక్కడ దించాలో చెప్పింది. కండక్టరు సగం శరీరం తలుపు బయటే ఉంచి, అరుస్తూ, బస్సు పక్కన చేత్తో బాదుతూ ఉన్నాడు. నన్ను మర్చిపోయాడు. గుర్తొచ్చేసరికి రెండు స్టాపులు దాటింది. దిగి అడిగిన మొదటి మనిషి ఎడమకి చూపించాడు, రెండో మనిషి కుడికి.

తిరిగి తిరిగి ఒక ఇరుకు సందులోకి వచ్చాను. రెండు చేతులు చాపితే రెండు గోడలు తగిలేట్టున్నాయి. తలపైన వైర్లు, మేడమీద మేడ, ప్రతి గోడకీ "గది అద్దెకు" కాగితాలు, జిరాక్స్ షాపులు. అదే కటవారియా సరాయ్. పరీక్షలకి చదువుకునే పిల్లలంతా అక్కడే ఉంటారట. ఒక మెట్ల దగ్గర ఇంగువ పోపు వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుని వెళితే చిన్న మెస్. చారు, వంకాయ కూర, అన్నం, పాతిక రూపాయలు.

నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి అన్నంలో చారు పోసుకుంటూ నన్ను చూసి, "అక్కా, మీరు యూపీఎస్సీకి చదువుతున్నరా?" అంది.

నలభయ్యారేళ్లు నాకు. నవ్వొచ్చింది.

"లేదమ్మా. బస్సు దిగాల్సిన చోట దిగలేదు."

పేరు స్వప్న, కరీంనగర్ వైపు. మూడోసారి పరీక్ష రాయబోతోంది. ఎక్కడికి వెళ్లాలో చెబితే, "అగో, గా యూనివర్సిటీ పక్కకే ఉంటది. నడుద్దాం పా అక్కా. చదివి చదివి తల తిరుగుతున్నది నాకు" అని వచ్చింది. దారంతా మాట్లాడింది. ఇంటికెళ్లి రెండేళ్లయిందట. ఫోన్లో వాళ్లమ్మ ఎప్పుడొస్తవని అడిగితే పరీక్ష పేరు చెబుతుందట.

"అక్కా, మీరెందుకొచ్చిన్రు గింత దూరం?"

"మా అక్క కోసం."

"ఈడ ఉంటదా?"

"కొంచెం ఉంది" అన్నాను. స్వప్నకి అర్థమై ఉండదు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, చీటీ మీద తన ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లింది. ఆ ఊళ్లో అడుగడుక్కీ ఎవరో ఒకరు నన్ను అక్కా అనో దీదీ అనో పిలిచారు. నాకు మాత్రం ఆ పిలుపు పిలవడానికి మనిషి లేదు.

గాజుపలక

సుభాషిణిగారికి యాభై దాటి ఉంటాయి. నూలు చీర మీద స్వెటరు, దాని మీద తెల్లకోటు, కాళ్లకి మేజోళ్లు, బూట్లు. కోటుకి ఒక గుండీ వేరే రంగు దారంతో కుట్టుకున్నారు. అది చూశాక నాకు కొంచెం బెరుకు తగ్గింది.

"బాగా ఆలస్యమైంది. దారి తప్పినారా?"

"తప్పాను మేడమ్."

"ఇక్కడికి వచ్చే వాళ్లంతా తప్పుతారు. టీ తాగి మాట్లాడదాం."

"ముందు మా అక్కది చూపించండి" అన్నాను.

ఆవిడ లేచి ఒక గదిలోకి తీసుకెళ్లారు. డ్రాయరు తీసి, వరసలు వరసలుగా ఉన్న గాజుపలకల్లోంచి ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. దాని మీద పేరు లేదు, నలభయ్యొకటి అని అంకె ఉంది. కన్ను పెట్టాను. నల్లటి గీతలు కదులుతున్నాయి. అదే అనుకున్నాను. "అవి మీ కనురెప్పల వెంట్రుకలు. కొంచెం వెనక్కి జరగండి" అన్నారు ఆవిడ.

జరిగాను. అప్పుడు కనిపించింది. గులాబీ రంగు, దానిలో ఊదా రంగు చుక్కలు. ఇంత అందంగా ఉంటుందని నేననుకోలేదు. అలాంటి అద్దకం చీర షాపులోకి వస్తే ఎవరైనా చెయ్యి వేసి చూస్తారు.

"గుండ్రంగా ఉంగరాల మాదిరి ఉండాయి చూడండి. అవి పాలు వచ్చే గొట్టాలు. ఇవి మంచివి. లోపలి గోడకి కణాలు వరసగా నిలబడినాయి కదా. ఇప్పుడు జరుపుతా." ఊదా చుక్కలు పక్కకి జారాయి. "ఇక్కడ వరస తప్పినాయి. గొట్టం లోపలంతా నిండిపోయినాయి. ఇంకా గోడ దాటలేదు. ఈ దశలో దొరికితే మాకు చాలా సంతోషం." ఇంకా జరిపారు. "ఇదిగో. ఇక్కడ గోడ తెగింది. చూడండి, ఒక్కొక్కటే బయటికి పోతా ఉండాయి."

చూశాను. గోడకి అవతల, గులాబీ రంగులో, ఒంటరిగా నాలుగైదు ఊదా చుక్కలు. బయటికి వెళుతున్నవి వెళుతున్నట్టే ఆగిపోయాయి. అవి మా అక్కని చంపినవి. అవి మా అక్కవే. కోపం రావాలి కదా. రాలేదు. ఐదారేళ్ల కిందటి అక్క ఒళ్లు అది, నాకు కన్ను తీయబుద్ధి కాలేదు.

"బయటికి పోయినవన్నీ బతకవు" అన్నారు ఆవిడ. "రక్తంలో పడినవాటిలో దాదాపు అన్నీ చచ్చిపోతాయి. ఏదో ఒకటి పోయి ఎముకలో చేరుతుంది. ఏండ్ల తరబడి కదలకుండా పడుకుంటుంది. ఒక దినం లేస్తుంది. ఎందుకు పడుకుంటుంది, ఎందుకు లేస్తుంది? అది తెలిస్తే దాన్ని పడుకోబెట్టే ఉంచొచ్చు కదా. పదకొండేండ్లుగా నేను చేస్తా ఉండేది అదే."

"తెలిసిందా మేడమ్?"

"కొంచెం. చానా కొంచెం."

అప్పుడడిగాను. జాకెట్టు సంగతి, ఎడమ డార్టు సంగతి, మా ఆయనకి కూడా చెప్పనిది, ఆవిడకి చెప్పాను. "ఆ వైశాఖంలో అడిగి ఉంటే అప్పటికి అది ఇంకా బయటికి వెళ్లి ఉండేది కాదా?"

ఆవిడ నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నాకు తెలీదు కుమారిగారూ. దీన్ని చూసి ఏ దినం బయటికి పోయిందో ఎవరూ చెప్పలేరు. కొందరిలో గడ్డ చేతికి తగలకముందే పోతుంది. కొందరిలో చానా ఆలస్యంగా పోతుంది. మీ అక్కది ఏ రకమో చెప్పే విద్య ఇంకా మా దగ్గర లేదు. ముందుగా పట్టుకుంటే చానామంది బతుకుతారు, అది మాత్రం నిజం. మీ అక్క బతికేదా అంటే, అవునని అబద్ధం చెప్పలేను, కాదని కూడా చెప్పలేను."

రెండు రోజుల రైలు ప్రయాణం చేసి నేను విన్న జవాబు అది.

రెండు వాక్యాలు

టీ వచ్చింది. సున్నుండల డబ్బా ఇస్తే ఆవిడ అక్కడే నిలబడి ఒకటి తిన్నారు. కొంత ఆలోచించి బీరువా తెరిచి ఒక ఫైలు తీశారు.

"ఇది మామూలుగా ఎవరికీ చూపించం. కానీ మీకు చూపించకపోవడం నాకు న్యాయం అనిపించడం లేదు."

ఆ రోజు ఆసుపత్రిలో అక్కని అడిగి ఆవిడ నింపిన కాగితం. గడ్డని మొదట ఎవరు గమనించారు? స్వయంగా. ఎప్పుడు? ఆపరేషనుకి పద్నాలుగు నెలల ముందు. ఇంట్లో ఎవరికి చెప్పారు? ఎవరికీ చెప్పలేదు.

వేళ్లతో లెక్కపెట్టుకున్నాను. ఆ వైశాఖంలో నేను టేపు పట్టుకుని తన ఎదురుగా నిలబడేనాటికి అక్కకి ఎనిమిది నెలలుగా తెలుసు. ఒకే వంటింట్లో, రోజూ కబుర్లు చెప్పుకుంటూ, ఎనిమిది నెలలు.

"ఎందుకు చెప్పలేదో అన్నదా?"

సుభాషిణిగారు కప్పు కింద పెట్టారు. "అన్నది. చెప్పమంటారా?"

"చెప్పండి."

"భయం అన్నది. ఆపరేషన్ భయం కాదంట, పేరు భయం. ఆ మాట ఇంట్లోకి తేవాలంటే భయం. తర్వాత మీ గురించి చెప్పింది. మా చెల్లెలు కొలతలు తీస్తా ఉంటే కనిపెట్టేస్తుందేమో అని ఊపిరి బిగపట్టుకున్నా అన్నది. కనిపెడితే బాగుండు అని కూడా అనుకున్నా అన్నది."

ఆ వైశాఖంలో కొలతలు తీసిన రోజు ఆ ఊపిరి ఆగడం నా చేతికి తెలిసింది. టేపు చుట్టూ తిప్పినప్పుడు తన ఛాతీ కదలకుండా ఆగింది. కొలత సరిగ్గా రావడానికి ఆగిందనుకున్నాను.

వచ్చేముందు ఆవిడ ఇంకొకటి చూపించారు. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో తెల్లటి మైనం ముద్ద, మధ్యలో బొటనవేలి గోరంత లేత గోధుమరంగు మచ్చ. అక్క ఇచ్చిన ముక్కలో మిగిలింది అంతేనట.

"మా విద్యార్థిని ఒకమ్మాయి కొత్త పరీక్ష మొదలుపెడుతా ఉంది. ఎముకకి పోయిన వాళ్ల ముక్కలు కావాల. దీంట్లో ఇంకొన్ని పొరలే వస్తాయి. కోస్తే అయిపోతుంది, ఇంకేమీ మిగలదు. కాగితం ప్రకారం మిమ్మల్ని అడగాల్సిన పని లేదు, మీ అక్క సంతకం ఉంది. కానీ మీరే ఇక్కడికి వచ్చినారు. ఇంటికి తీసుకపోతామంటే ఇచ్చేస్తాను. ఆలోచించుకొని ఎల్లుండి రండి."

మైనం ముద్ద అరచేతిలో పెట్టుకున్నాను. బరువే లేదు.

మాస్టర్‌జీ

మర్నాడు ఇంట్లో కూర్చోలేకపోయాను. లలిత ఏమైందని అడిగితే, నడిచొస్తానని చెప్పి బయటపడ్డాను. క్వార్టర్స్ చివర, గోడవారగా టార్పాలిన్ కింద ఒక ముసలాయన కాలిమిషను పెట్టుకుని కుడుతున్నాడు. బరేలీ ఆయన. అందరూ మాస్టర్‌జీ అంటున్నారు. నేను అలవాటు కొద్దీ నిలబడిపోయాను. ఆయన చేతిలో పట్టు జాకెట్టు గుడ్డ ఉంది. మూడుసార్లు సుద్దతో గీసి మూడుసార్లు దులిపేశాడు. సల్వార్లు, ప్యాంట్లు అయితే ఆయనకి కళ్లు మూసుకుని వస్తాయట. ఈ మద్రాసీ బ్లౌజే కుదరదని, వాళ్లు తిరిగి తెచ్చి గొడవ పెడతారని చెప్పుకున్నాడు. ఢిల్లీ వాళ్లకి మనమంతా మద్రాసీలమే.

"మై కరూఁ?" అన్నాను, నేను కోయనా అని.

కత్తెర నా వైపు తిప్పి ఇచ్చాడు. ఆ చలిలో ఆ కత్తెర పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. నిలబడే కోసి, డార్టులు ఎక్కడ ఎంత పట్టాలో గుండుసూదులతో పెట్టి చూపించాను. ఆయన నా చేతుల వంకే చూస్తూ "వాహ్" అన్నాడు. అల్లం టీ తెప్పించాడు, గాజుగ్లాసులో, మూడు రూపాయల టీ. ఆ చలిలో అంత మంచి టీ నేను తాగలేదు.

"ఘర్ మే కౌన్ కౌన్ హై?" ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు.

"పతి హై. దీదీ హై."

అక్క ఉందని నోట్లోంచి వచ్చేసింది. సరిదిద్దడానికి "థీ", అంటే ఉండేది, అన్న మాట నాకు తెలుసు. అనలేదు.

"దీదీ కో భీ లానా అగ్‌లీ బార్" అన్నాడు ఆయన. మళ్లీ వచ్చేటప్పుడు మీ అక్కని కూడా తీసుకురా.

"అచ్ఛా" అన్నాను.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే, పక్కన ఇటుక మీద కూర్చుని ఆ జాకెట్టుకి హుక్కులు కుట్టాను. అక్క మీద నాకు కోపం వచ్చింది ఆ రోజే, పోయిన రెండేళ్లలో మొదటిసారి. కనిపెడితే బాగుండు అనుకునే బదులు ఒక్క మాట అనకూడదా? మళ్లీ అనుకున్నాను, నేనూ అదే కదా చేసింది. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గర నిలబడి, ఎదుటివాళ్లు ముందు మాట్లాడితే బాగుండునని చూశాం. హుక్కులన్నీ కుట్టేసరికి కోపం పోయింది. తను ఎదురుగా ఉంటే బాగుండునన్నది మాత్రం పోలేదు. అది ఈ రాస్తున్న నిమిషానికీ పోలేదు.

ఆఖరి పొరలు

ఐదో రోజు పొద్దున్నే, ఈసారి దారి తప్పకుండా, ప్రయోగశాలకి వెళ్లాను. సుభాషిణిగారు నా ముఖం చూశారు.

"ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తాను మేడమ్?" అన్నాను. "బీరువాలో పెడతాను. మా ఊరి ఎండలకి కరిగిపోతుందేమోనని రోజూ తీసి చూసుకుంటూ కూర్చుంటాను. తను ఇస్తానని సంతకం పెట్టింది. ఇచ్చిందాన్ని నేను వెనక్కి తీసుకోవడం బాగుండదు. కోయండి. కోసేటప్పుడు నన్ను ఉండనివ్వండి."

"ఎందుకు కష్టపెట్టుకోవడం?"

"ఆపరేషనప్పుడు బయట కూర్చోబెట్టారు. ఈసారి లోపల ఉంటాను."

ఆవిడ శ్రావ్యని పిలిచారు. కొత్త పరీక్ష చేస్తున్నది ఆ అమ్మాయే. వాళ్లమ్మా నాన్నలది రాజమండ్రి, తను పుట్టిందీ పెరిగిందీ వసంత్ కుంజ్‌లో. నేను తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు, అప్పటికి అలవాటైపోయింది.

మంచులో పెట్టి గట్టిపరిచిన మైనం ముద్దని ఒక మిషనుకి బిగించింది. చక్రం తిప్పుతుంటే ముద్ద కిందికి పైకి కదులుతూ కత్తి అంచుకి తగులుతోంది. తగిలిన ప్రతిసారీ ఒక పొర వస్తోంది. ఒక పొరకి ఇంకో పొర అంటుకుని రిబ్బనులా సాగుతోంది. అంత పల్చటి గుడ్డ ఏ మగ్గం మీదా నేయలేరు. అవతలి శ్రావ్య వేళ్లు దానిలోంచి కనిపిస్తున్నాయి. తను ఊపిరి కూడా మెల్లగా వదులుతోంది, గాలికి ఎగిరిపోతుందని.

ఆ రిబ్బనుని కుంచెతో పట్టి, పక్కనున్న గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో వదిలింది. నీళ్ల మీద పడగానే ముడతలన్నీ వాటంతటవే విప్పుకుని సాఫుగా పరుచుకుంది. మధ్యలో ఆ మచ్చ, మంచినీళ్లలో పాలచుక్క పడినంత లేతగా. శ్రావ్య గాజుపలకని నీళ్లలోకి ఏటవాలుగా దించి, పొర కిందకి పోనిచ్చి, పైకి ఎత్తింది. పొర పలక మీద కూర్చుంది.

అలా ఒకటి తర్వాత ఒకటి. చివరి రిబ్బను వచ్చాక మిషనులో మిగిలిన మైనం నాకు చూపించింది. మధ్యలో మచ్చ లేదు, తెల్లగా ఉంది.

"బస్, ఆంటీ. ఖతమ్."

నీళ్ల మీద ఇంకొక్క పొర తేలుతోంది. శ్రావ్య నా వైపు చూసి, కుంచె చాపి, "ఆప్ ఉఠాయేంగీ?" అంది, మీరు ఎత్తుతారా అని.

చెయ్యి చాపాను. కుంచె అందుకోకుండానే వెనక్కి తీసుకున్నాను. "వద్దమ్మా, ముడత పడుతుంది. నువ్వే తియ్యి" అన్నాను.

తీసింది. పలకని చివర్ల దగ్గర పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసింది. బల్ల మీద పెట్టి, అంకె రాయడానికి పెన్సిలు తీసుకుని, ఆగింది.

"ఆంటీ, నామ్ క్యా థా ఉన్‌కా?"

"పేరు రాయకూడదు కదా?"

"లిఖ్‌నా నహీ హై. ఐసే హీ." రాయడానికి కాదట, ఊరికే.

"రాజ్యలక్ష్మి."

"రాజ్‌లక్ష్మి."

"కాదమ్మా. రాజ్యలక్ష్మి."

శ్రావ్య పెన్సిలు కింద పెట్టింది. పెదవులు కదుపుతూ ఒకసారి లోపల అనుకుని, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి, "రా-జ్య-ల-క్ష్మి" అంది. ఈసారి సరిగ్గా వచ్చింది. తర్వాత గాజు మీద అంకె రాసింది.